క్యాన్ నీళ్లే తాగుతున్నాం, మరి పాప పళ్లకు ఈ గార ఎక్కడిది?

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు నుంచి ఒకామె రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు, ఊరి పేరు నేనే తీసేశాను. నాలుగు పేజీల ఉత్తరం, కుదించి చెప్తాను.

ఆమెకు 31 ఏళ్లు. పుట్టిల్లు ఖమ్మం వైపు. పెళ్లై పదకొండేళ్లయింది. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు రెండున్నర. వాళ్ల బావగారికి, అంటే భర్త అన్నకు, ఊళ్లో వాటర్ ప్లాంటు ఉంది. అప్పు చేసి పెట్టిన ప్లాంటు, ఇంటి వెనక బోరు మీదే నడుస్తుంది. తమ్ముడి ఇంటికి రోజూ ఒక క్యాన్ ఊరికే పంపిస్తారు. తాగడానికి ఆ క్యాన్, వంటకు పెరట్లో మోటారు వేస్తే వచ్చే ఆ బోరు నీళ్లే, స్నానాలకు, బట్టలకు భగీరథ నల్లా, అంటే ప్రభుత్వం శుద్ధి చేసి ఇంటింటికీ పంపే నీళ్లు. పెళ్లైన దగ్గర్నుంచి వంటా తాగడం ఇట్లాగే, పాపకు మూడేళ్లప్పుడు వచ్చిన నల్లా స్నానాలకే పరిమితం. "నల్లా నీళ్లు మందు వాసన, నోట్లో పెట్టలేం" అంటారట ఇంట్లో అందరూ.

పోయిన నెల బడిలో పళ్ల క్యాంపు పెట్టారు. డాక్టర్ పాప నోరు తెరిపించి చూసి, ఇంకేమీ అడక్కుండా "మీది ఏ ఊరమ్మా?" అన్నాడట. మన వైపు చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, అది పిల్లల పళ్లకు మచ్చలు, పెద్దల ఎముకలకు జబ్బు తెస్తుంది, అందుకే ఆ ప్రశ్న. ముందు పళ్ల మీద అడ్డంగా పసుపు, గోధుమ రంగు చారలు. ఆ రోజు నుంచి పాప నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. అత్తగారేమో "గారపండ్ల పిల్లకు రేపు పెండ్లెట్లయితది" అని ఒకటే రంధి. ఈమె ఆన్‌లైన్లో టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఎంతున్నాయో చూపేది) తెప్పించి ఇంట్లో మూడు నీళ్లూ చూశారు. క్యాన్ 38, నల్లా 290, బోరు 1140. చూసి "ఇక నుంచి నల్లా నీళ్లే తాగుదాం, క్యాన్ మానేద్దాం" అన్నారు. భర్త ఆ మీటరే చూపించి "38 ఎక్కడ, 290 ఎక్కడ, నీకేమన్నా పిచ్చా" అన్నాడు. ఈ మాట గోడ దాటి యారాలి చెవిన పడేసరికి "మా నీళ్లు విషమంటున్నదట" అయింది. మూడు వారాలుగా రెండిళ్ల మధ్య మాటల్లేవు. క్యాన్ మాత్రం రోజూ వస్తోంది, పిల్లాడెవరో తెచ్చి గడప దగ్గర పెట్టి పోతున్నాడు. ఆమె అడిగినవి మూడు: పాప పళ్లకు వైద్యం ఉందా, బాబుకు ఏ నీళ్లు పట్టాలి, బావగారికి ఎట్లా చెప్పాలి.

అమ్మా, ముందు ఒక మాట. మీ బావగారి క్యాన్ మీద మీకున్న అనుమానం చాలావరకు తప్పని నాకనిపిస్తోంది. మీరు ఉత్తరమంతా క్యాన్ గురించి రాసి, వంట బోరు నీళ్లతోనని ఒక్క వాక్యంలో దాటేశారు. నా కన్ను అక్కడే ఆగింది.

లెక్క చూడండి. ప్లాంటుకూ మీ పెరటి మోటారుకూ బోరు ఒకటే అన్నారు. 1140 ఉన్న నీళ్లు 38 అయి బయటికొస్తున్నాయంటే ప్లాంటులో నీళ్లను వడకట్టే ఆర్వో పొర, అదే మెంబ్రేన్, ఆ రోజుకు బాగానే పనిచేస్తోంది. నీళ్లలో కరిగినదాంట్లో నూటికి 96, 97 వంతులు పోతున్నాయి, ఫ్లోరైడ్ కూడా దాదాపు అదే దారిన పోతుంది. కొన్ని ప్లాంట్లలో రుచి కోసం బోరు నీళ్లు కాసిని మళ్లీ కలుపుతారు, 38 దగ్గర ఆ కలపడం కూడా ఉన్నట్టు లేదు. అయితే ఇది మీరు మీటర్ పెట్టిన రోజు మాట. పాపకు రెండేళ్లున్నప్పుడు అదే ప్లాంటులో మెంబ్రేన్ ఎట్లా ఉందో ఈ అంకె చెప్పదు.

బోరు సంగతి వేరు. అది ఇన్నేళ్లూ మీ అన్నంలో, పప్పులో, చారులో, చాయలో ఉంది. మన వైపు నేల గ్రానైటు రాయి. ఆ రాయిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది, బోరు లోతుకు పోయిన కొద్దీ చాలాచోట్ల ఎక్కువే ఉంటుంది. నల్గొండ పేరు ఎక్కువ వినపడుతుంది గానీ మన దేశంలో ఈ జబ్బును 1937లో మొదట బయటపెట్టింది ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని పొదిలి ప్రాంతంలో. ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు. నీళ్లు ఆవిరై పోతాయి, అది గిన్నెలోనే ఉంటుంది, అంటే ఎంత మరిగిస్తే అంత చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టర్‌తో పోదు, యూవీతో పోదు, బ్లీచింగ్ వేసినా పోదు. అత్తెసరు పెట్టిన అన్నంలో మీరు పోసిన నీళ్లన్నీ గింజలోనే ఉంటాయి కదా.

ఉదాహరణకు మీ బోరులో లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉందనుకుందాం (ఎంతుందో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది, ఇది ఊహ). మన ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. చిన్నపిల్ల కడుపులోకి అన్నం, పప్పు, చారు కలిపి రోజుకు అర లీటరు బోరు నీళ్లు పోయినా 2 మిల్లీగ్రాములు. అంటే క్యాన్ నీళ్లు చుక్క కూడా తాగకముందే, లీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్న నీళ్లు రెండు లీటర్లు తాగితే వచ్చేంత ఫ్లోరైడ్ వచ్చేసింది. పాపకు పాలపొడి, సెరిలాక్ ఏ నీళ్లతో కలిపారో మీరు రాయలేదు. పొయ్యి మీద కాచిన నీళ్లతోనైతే అవి బోరువే అయి ఉంటాయి.

ఇప్పుడు పాప పళ్లు. ఈ మచ్చలు పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడు పడేవి, బయటికొచ్చాక పడేవి కావు. ముందు పళ్ల పైపొర మొదటి నాలుగైదేళ్లలోనే తయారైపోతుంది. అంటే ఇప్పుడు కనిపించే చారలు పాపకు ఒకటి, రెండు, మూడేళ్లున్నప్పటి నీళ్లు రాసిన రాత. ఇవాళ నీళ్లు మార్చినా అవి చెరగవు, అట్లాగని పెరగవు కూడా. అయినా ఒకసారి పళ్ల డాక్టర్‌కు సరిగ్గా చూపించండి. క్యాంపులో అర నిమిషం చూసి ఊరి పేరు అడగడం పరీక్ష కాదు, ప్రతి మచ్చా ఫ్లోరైడ్ మచ్చ కాదు. అదేనని తేలితే, లేత మచ్చల్ని పైపైన అరగదీసి తగ్గించే పద్ధతి ఉంది, ముదురు చారల మీద పంటి రంగు పూత వేస్తారు. పూర్తి తొడుగుల్లాంటివి పెద్దయ్యాకే, ఇప్పుడే పెట్టిస్తామని ఎవరన్నా తొందరపెడితే ఇంకొక డాక్టర్‌ని అడగండి. పెళ్లి మాట మాత్రం ఆ పిల్ల ముందు ఎత్తొద్దని మీ అత్తగారికి మీరైనా చెప్పండి, మీ ఆయనైనా చెప్పాలి. తొమ్మిదేళ్ల పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోందంటే ఆ మాట ఎప్పుడో చెవిన పడే ఉంటుంది.

తొందరపడాల్సింది బాబు విషయంలో. రెండున్నరేళ్లంటే, పాలపళ్లు ఊడాక వాడికి వచ్చే ముందు పళ్లు సరిగ్గా ఇప్పుడే చిగురు లోపల తయారవుతున్నాయి. అందుకే పరీక్షలు, పంచాయితీలు అయ్యేదాకా ఆగకుండా ఈ పూట నుంచే బోరు నీళ్లను వంటింట్లోంచి తీసెయ్యండి. బిందె, కుక్కర్, చాయ్ గిన్నె, వేటిలోనూ వద్దు. ఇందులో మాత్రం అటూ ఇటూ ఆలోచించేది లేదు. దాని బదులు ఏ నీళ్లన్నది మీ ఇష్టం, దారులు ఉన్నాయి.

మొదటిది, వంటకు కూడా క్యాన్ నీళ్లే. రోజుకు రెండో క్యాన్. కొట్లాట లేకుండా జరిగిపోయే దారి ఇది, మీ బావగారైతే మిఠాయి పంపినా పంపుతారు. కానీ ఊరికే వద్దు, రెండో క్యాన్‌కు పైసలివ్వండి. అన్నదమ్ముల మధ్య ఊరికే వచ్చినదాన్ని రేపు ప్రశ్నించడం కష్టం, మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నదే అది. దీంట్లో ఇబ్బంది ఏంటంటే ఇల్లంతా ఒక్క మెంబ్రేన్ మీద ఆధారపడుతుంది. అది పాతబడితే ఫ్లోరైడ్ మెల్లగా పెరుగుతుంది, రుచిలో మీకేమీ తెలియదు. ఆ నీళ్లలో క్లోరిన్ ఉండదు కాబట్టి క్యాన్ సరిగ్గా కడక్కపోతే పురుగు పట్టడమూ తేలికే. ఖాళీ క్యాన్ లోపల వేలు పెట్టి రుద్ది చూడండి, జారుడుగా తగిలిందంటే అది నీళ్ల తప్పు కాదు, క్యాన్ తప్పు. పైగా 38 అంటే కాల్షియం, మెగ్నీషియం కూడా దాదాపు పోయినట్టే. తిండి బాగుంటే అది పెద్ద లోటు కాదు గానీ, ఫ్లోరైడ్ ఊళ్లో పెరిగే పిల్లలకు కాల్షియం మామూలు కంటే ముఖ్యం.

రెండోది, తాగడానికి క్యాన్, వంటకు నల్లా. చెప్పాలంటే నాకు ఇది బాగా నచ్చింది. బావగారి క్యాన్ ఆగదు, యారాలి మాట పడదు, వంటింట్లోంచి బోరు పోతుంది. మీరు ఇంట్లో ఎవర్నీ ఒప్పించక్కర్లేదు, వంట చేసేది మీరే కాబట్టి రేపు పొద్దున్నే మొదలుపెట్టొచ్చు. పప్పు ఉడికాక అందులో మందు వాసన ఎవరికీ తెలియదు, కావాలంటే వాళ్లకు చెప్పకుండా వడ్డించి చూడండి.

మూడోది, మీరనుకున్నదే, అన్నిటికీ నల్లా. మీ ఆయన 38కీ 290కీ పెట్టిన పోటీ అర్థం లేనిది. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఒక అంకె, అందులో మంచీ ఉంటుంది చెడూ ఉంటుంది. 500 లోపు ఉంటే చాలని ప్రమాణాలే చెప్తున్నాయి, 290 నిక్షేపంలాంటి అంకె. 500 లోపున్న నీళ్లకు అసలు ఆర్వో మెషీన్లే వద్దని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అన్నది కూడా అందుకే. ఆ మీటర్ ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు, మురికి కలిసిందో లేదో చెప్పదు. ఇక మందు వాసనంటారా, అది క్లోరిన్. నల్లా చివర్లో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి, దారిలో పైపు పగిలి మోరీ నీళ్లు కలిసినా సూక్ష్మజీవుల్ని చంపేందుకు. వాసన రాని రోజే అనుమానపడాలి. బిందె మీద పల్చటి గుడ్డ కప్పి అరగంటో గంటో ఉంచితే వాసన చాలావరకు పోతుంది. తర్వాత మూత పెట్టి, చెయ్యి ముంచకుండా పొడుగు కాడ గంటెతో తీసుకోండి. వానాకాలం బాబుకు మాత్రం మరగకాచి చల్లార్చి పట్టండి.

అయితే నల్లాతో ఒక చిక్కు ఉంది. భగీరథ పనులకు 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ పెట్టారు, మరుసటేడు గజ్వేల్ దగ్గర కోమటిబండలో పథకం మొదలైంది, తర్వాత మన వైపు ఊళ్లకు కృష్ణ నీళ్లొచ్చాయి. పాత బోర్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. పైనుంచి నీళ్లు రాని రోజు, మోటారు కాలిన రోజు, కొన్ని ఊళ్లలో బోరు నీళ్లనే ట్యాంకుకు ఎక్కించి నల్లాకు వదులుతారు. నల్లా అదే, నీళ్లు వేరు. మీ టీడీఎస్ మీటర్ నిజంగా పనికొచ్చేది ఇక్కడ. వారానికి రెండుసార్లు నల్లా దగ్గర పెట్టి క్యాలెండర్ మీద రాసుకోండి. రోజూ మూడొందలకు అటూ ఇటూ ఉండే అంకె ఒక రోజు ఎనిమిదొందలైందంటే ట్యాంకులోకి బోరు ఎక్కిందని అర్థం. ఆ రోజు నల్లా నీళ్లు వంటకూ వద్దు, ఒక క్యాన్ అదనంగా తెప్పించుకోండి. రెండు నెలల రీడింగులున్న ఆ క్యాలెండర్‌ను గ్రామసభకు తీసుకెళ్తే కార్యదర్శికి జవాబు చెప్పక తప్పదు. ఉత్త నోటితో అడిగితే "చూస్తాం" అంటారు.

సొంతంగా ఇంట్లో ఆర్వో మెషీన్ పెట్టుకుంటామని కూడా రాశారు. నల్లా నీళ్లకు అది దండగ. బోరుకు పెడితే ఒక బిందె మంచినీళ్లకు ఇంకో బిందో అంతకంటే ఎక్కువో మోరీలోకి పోతాయి. పైగా పక్కింట్లో బావగారి ప్లాంటు ఉండగా మీ గోడకు మెషీన్ బిగిస్తే, అది నీళ్ల గురించి పెట్టిందని ఊళ్లో ఎవరూ అనుకోరు.

ఏ దారైనా సరే, మూడు నీళ్లనూ ల్యాబులో పరీక్ష చేయించండి. మిషన్ భగీరథ ల్యాబులున్నాయి, ఎక్కడ దగ్గరో పంచాయతీలో అడిగితే చెప్తారు. శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసాను ఏ నీళ్లు పడుతున్నారో ఆ నీళ్లతోనే మూడుసార్లు తొలిచి, నిండా పట్టి, తేదీ, "బోరు", "నల్లా", "క్యాన్" అని చీటీ అంటించండి. ఫ్లోరైడ్, నైట్రేట్ చూడమని అడగండి. నైట్రేట్ ఎందుకంటే ఎరువులు, మోరీలు, పెంటదిబ్బల నుంచి బోర్లలోకి దిగుతుంది, 45 దాటితే నెలల పిల్లలకు ప్రమాదం, అదీ మరిగిస్తే పోదు. ఈకోలై (మలం కలిసిన నీళ్లలో ఉండే సూక్ష్మజీవి) పరీక్షకు మాత్రం మామూలు సీసా పనికిరాదు, ల్యాబువాళ్లే సీసా ఇస్తారు, అదే రోజు చల్లగా చేర్చాలి. ఊళ్లలో కిట్లతో పరీక్ష చేయడానికి మహిళలకు శిక్షణ కూడా ఇచ్చారు, మీ ఊళ్లో ఎవరన్నా ఉన్నారేమో కనుక్కోండి. చిన్న సీసాలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే, ఫ్లోరైడ్ లేని నీళ్లు గులాబీ రంగులో ఉంటాయి, ఎక్కువున్నవి పసుపుకు తిరుగుతాయి. నేను నీళ్ల ల్యాబులో పనిచేసిన రోజుల్లో చూశాను, రిపోర్టు కాగితం చదివి "ఏంటో" అని మడిచి జేబులో పెట్టుకున్న మనుషులే, కళ్ల ముందు రంగు మారేసరికి ఇంకోసారి చెయ్యమని అడిగేవాళ్లు.

ఆ రంగు మీ బావగారి ముందే మారాలి. మీ చిక్కంతా "క్యాన్ మానేద్దాం" అన్న మాటతో మొదలైంది, అది ఆయన చెవికి "నీ వ్యాపారం మోసం" అని చేరింది. ఆయనకు చెప్పాల్సింది మీరు కాదు, మీ ఆయన. అదీ ఇట్లా: "అన్నా, పాపకు పండ్లు పాడైనయ్, బోరు నీళ్లు ఎట్లున్నయో చూపిద్దామనుకుంటున్న, నీ ప్లాంటు నీళ్లు కూడా అదే బండిల పోతయ్, నువ్వూ రా." ఆయనకూ పిల్లలున్నారు, ఆ ఇంట్లోనూ వంట ఆ బోరుతోనే అయి ఉంటుంది. క్యాన్ రిపోర్టు మంచిగా వస్తే ఆయన దాన్ని ప్లాంటు గోడకు అంటించుకుంటాడు. బాగా రాకపోతే మెంబ్రేన్ మార్చాలని ఆయనకే తెలుస్తుంది, అప్పుడు "మీ నీళ్లు విషం" అన్న పాపం ఎవరి మీదా ఉండదు. ఒకవేళ ఆయన రానంటే, మీరే వెళ్లి చేయించుకుని కాగితం ఇంట్లో పెట్టుకోండి, చూపించి తిరగొద్దు. వీలు చూసి ప్లాంటు వదిలే వేస్టు నీళ్లు ఎటు పోతున్నాయో కూడా కనుక్కోండి. ఫ్లోరైడ్ చిక్కబడ్డ నీళ్లవి, బోరు పక్కనే గుంతలో నిలిస్తే మళ్లీ అందులోకే దిగుతాయి.

ఇక మీ అత్తగారు. "ఇన్నేండ్లు తాగినం, మాకేమైంది" అన్నారని, ఆ మాట అంటూ మీ వైపు తిరగడానికి మెడ తిరగక మనిషంతా తిరిగారని రాశారు. ఆమెతో వాదించకండి. 1996 ఎన్నికల్లో ఓటు వేసిన రోజు గుర్తుందా అని అడగండి. ఫ్లోరైడ్ గోడు ఢిల్లీకి వినపడాలని నల్గొండ పార్లమెంటు సీటుకు 480 మంది పోటీలో నిలబడ్డారు, పోలింగ్ వాయిదా పడింది, బ్యాలెట్ కాగితం పుస్తకమంత తయారైంది. ఆ పుస్తకం చేతిలో పట్టుకున్న తరం ఆమెది. నల్లాలో కృష్ణ నీళ్లు రావడానికి వాళ్లు పడ్డ గోస ఆమె నోటనే ఇంట్లో వినపడితే, కొడుకులిద్దరికీ మీ మీటర్ కంటే అది ఎక్కువ పనిచేస్తుంది.

ఆమె మెడ మళ్లీ మామూలుగా తిరుగుతుందని చెప్పలేను. ఎముకకు పట్టిన ఫ్లోరైడ్‌ను కడిగేసే మందు లేదు. నీళ్లు మార్చి, పాలు, రాగులు, నువ్వులు, ఆకుకూరలు, ఉసిరి, జామ లాంటివి పెడితే నొప్పులు కొంత తగ్గొచ్చు, ముదరడం నెమ్మదిస్తుంది. చింతపండు తింటే ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువగా పోతుందని హైదరాబాద్‌లోని పోషకాహార సంస్థ పిల్లల మీద చేసిన పరిశోధనలో తేలింది. దాన్ని వైద్యం అనుకోవద్దు గానీ, చారు మానాల్సిన పని అయితే లేదు, నల్లా నీళ్లతో కాస్తే చాలు. చాయ్ మాత్రం తగ్గించమనండి, తేయాకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది. ఇంకొకటి, ఆమె రోజూ నొప్పి గోళీలు మింగుతున్నారా? ఏళ్ల తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి, కిడ్నీలు నీరసిస్తే ఫ్లోరైడ్ బయటికి పోవడం ఇంకా తగ్గుతుంది. ఒకసారి క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీలు ఎట్లా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష) చేయించండి.

రిపోర్టులొచ్చాక మూడు అంకెలూ రాసి పంపండి. సీసాలు ఏ నెలలో పట్టారో కూడా రాయండి. ఎండాకాలం చివర్లో బోరు చూపించే అంకె, వానలు పడ్డాక చూపించే అంకె ఒకటి కావు, వీలైతే రెండుసార్లూ చేయించండి. ఈలోగా ఆ మోటారు పైపును వంటింటి కిటికీ దగ్గర్నుంచి తీసి బట్టలుతికే బండ వైపు తిప్పెయ్యండి, అలవాటుగా చెయ్యి అటే పోతుంది.